నా ఫైలుల బావ రిపోర్టు

ఆరేండ్ల సంది ఒక కాయితం మోస్తున్న. ఒక్కటే పేజీ. మడత పెడితె చొక్క జేబుల పడుతది. ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. నా భార్యకు చెప్పలే. గుడికి పోయినప్పుడు దేవునికి గూడ చెప్పలే, ఆయనకు తెలిసే ఉంటది తియ్ అని తప్పించుకున్న. మీరు నన్ను ఎరుగరు, నేను మిమ్ముల ఎరుగ. అందుకే మీకు చెప్తున్న. పేరు మాత్రం అడగకుండ్రి.

ముందుగాల నా బుగులు సంగతి, నా భయం సంగతి చెప్పాలె. అది చెప్పకుంటె మిగిలింది మీకు సమజ్ గాదు. ఇట్ల అంటుంటెనే నాకు ఒక అనుమానం వస్తుంది. బుగులును ముందు నిలవెట్టి తప్పును దాని ఎనుక దాస్తున్ననా? కావచ్చు. మీరే చూడుండ్రి.

మాది కరీంనగర్‌కు గంట దూరంల ఉన్న ఊరు. ఊరంత సాంచెలే. కరెంటు మీద నడిచే మగ్గాలను మా దిక్కు సాంచెలంటరు. మా బాపు సాంచెలు నడిపిండు, నాది గూడ అదే పని. నాకు పందొమ్మిదేండ్లు ఉన్నప్పుడు, ఒక ఆదివారం పొద్దుగాల బాపు అన్నం తినుకుంట తినుకుంట పక్కకు ఒరిగిండు. ముద్ద ఇంక చేతులనే ఉన్నది. నలభై నాలుగేండ్లు ఆయనకు. ముందు రోజు దాక జరం లేదు, దగ్గు లేదు. అవ్వ చెంబు పట్టుకొని అట్లనే నిలవడ్డది. నేను బాపు ఛాతి మీద చెయ్యి పెట్టి చూసిన. ఏం లేదు.

గా రోజు సంది నా చెయ్యి నా ఛాతి మీదికే పోతది. ఉన్నదా? నడుస్తుందా? సరిగ్గ నడుస్తుందా? సాంచెల నడుమ నిలవడి మణికట్టు పట్టుకొని లెక్క పెట్టుకుంట. మగ్గాల సప్పుడుకు లెక్క తప్పుతది, తప్పితె మళ్ల మొదటికెల్లి. జర దగ్గొస్తె టీబీ. తలకాయ నొస్తె లోపల గడ్డ. ఎడమ చెయ్యి గుంజితె ఇగ అయిపోయింది, గీ రోజే. పెండ్లయింది, బిడ్డ పుట్టింది, బిడ్డ బడికి పోవుడు మొదలుపెట్టింది, గీ లెక్క మాత్రం బంద్ కాలే. కరీంనగర్ల నేను ఎక్కని దవాఖాన మెట్టు లేదు. ఎవరో చెప్తె ఆదిలాబాద్ దాక పోయి, మరాఠీ కలిపి మాట్లాడే ఒక ముసలాయన దగ్గర చూర్ణం తెచ్చుకొని మూడు నెలలు నాకిన. పరీక్షల కాయితాలన్ని ఒక ఫైలుల పెట్టుకున్న. ఈసీజీలే పదకొండు. అన్నిట్ల ఒకటే మాట, ఏం లేదు. ఏం లేదని రాసిస్తె ఎనిమిది రోజులు పానం తేలికైతది. తొమ్మిదో రోజు లోపలికెల్లి అడుగుతది: వాళ్లు సరిగ్గ చూసిండ్రా?

ఇంకోటి గూడ చెప్పాలె, ఇది సిగ్గు మాట. ఎదుటోళ్ల రోగమంటె గూడ నాకు బుగులు. ఎవలకన్న పెద్ద రోగమొచ్చిందంటె వాళ్లింటికి పోయేటోన్ని కాదు. ఆ రోగం పేరు నా నోట్లకెల్లి రానిచ్చేటోన్ని కాదు. పేరు తీస్తె అది నన్ను చూస్తదని, నా ఇల్లు గుర్తు పడుతదని. చదువుకున్నోన్నే, ఇంటరు దాక. అయినా గట్లనే అనిపిస్తది.

అందరు నవ్వేటోళ్లు. సాంచెల కాడ నాకు ‘దవాఖాన’ అని పేరు పెట్టిండ్రు. నవ్వనోడు ఒక్కడే, మా బావ.

మా అక్క పెనిమిటి ఆయన. మా పక్క వాడకట్టే. మొదట్ల ఆయన గూడ సాంచెలే నడిపిండు, తర్వాత గల్ఫ్‌ల ఇండ్లు కట్టే పనికి పోయిండు. రెండేండ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేటోడు. ఒకసారి ఆయన ఇంటికాడ ఉన్నప్పుడే నాకు చేతులు కాళ్లు సల్లవడి, ఊపిరి ఆడక, పోతున్ననని గోడకు ఆనుకొని కూలవడ్డ. మిట్ట మధ్యాహ్నం. బావ నన్ను బండి మీద ముందట కూసోవెట్టుకొని, ఒక చెయ్యితోని నన్ను పట్టుకొని, ఇంకో చెయ్యితోని బండి నడుపుకుంట దవాఖానకు తీస్కపోయిండు. డాక్టర్ ఏం లేదన్నడు. నేను సిగ్గుతోని తల ఎత్తలే. వాపసు వచ్చేటప్పుడు బావ ఒక్కటే మాట అన్నడు: “ఏం లేకపోవుడే మంచిది గద బామ్మర్ది. ఉంటె ఏం చేద్దుము?”

అసొంటి మనిషికి నేను గీ పని చేసిన.

ఆరేండ్ల కింద వచ్చిన సెలవు అది. ఇంకో పదకొండు రోజుల్ల తిరిగి పోయేదున్నది. ఒక రోజు పొద్దుగాల మా ఇంటికొచ్చి, పాదం మీద వేలు పెట్టి ఒత్తి చూపెట్టిండు. గుంత పడ్డది, జల్ది నిండలే. మూత్రంల నురుగొస్తుందని గూడ చెప్పిండు. రోగాల సంగతి నాకు ఎరుకని నా దగ్గరికొచ్చిండు. నాకు నిజంగనే ఎరుకే. ఎల్లుండి నేను నా పరీక్షలకు కరీంనగర్ పోతున్న, నువ్వు గూడ రా బావా, రక్తం, మూత్రం ఇచ్చి వద్దము అన్న.

పోయినం. ఇద్దరం ఇచ్చినం. ఇంటికి చుట్టాలు వస్తుండ్రని బావ మధ్యాహ్నం బస్సుకు పోయిండు. నేను రిపోర్టుల కోసం ఆగిన. నాలుగు గంటలకు ల్యాబుల ఉండే ఆమె రెండు కవర్లు ఇచ్చుకుంట, బావ కవరు మీద వేలు పెట్టి, “వీళ్లది జల్ది డాక్టర్‌కు చూపియ్యుండ్రి” అన్నది.

నేను నాదే ముందు ఇప్పిన. అన్ని మంచిగనే ఉన్నయి. బయట బండి కాడ చాయ తాగిన. తాగినంక బావది ఇప్పిన.

ఎంత ఉండాల్నో ఆ అంకెలన్ని నాకు నోటికొస్తయి, ఏండ్ల సంది నావి చూసుకుంటున్న గద. కిడ్నీల పరీక్ష అంకె ఉండాల్సినదానికి మూడింతలున్నది. రక్తం తక్కువున్నది. మూత్రంల పోవద్దని ఉన్న ప్రోటీన్ పోతుంది. చదివిన. రెండోసారి చదివిన. డాక్టర్ చెప్పకముందే నాకు అర్థమైంది.

ఇప్పుడు మీకు చెప్పేది మనిషన్నోడు చెప్పే మాట కాదు. గప్పుడు నా మనసుల మొదట వచ్చింది ‘అయ్యో బావా’ అని కాదు. ‘బావది, నాది కాదు’ అని. ఒళ్లంత తేలికైంది. ఒక్క క్షణమే, కని అయింది. ఆ ఎనుకనే ఇంకో బుగులు పట్టింది: కవర్లు మారినయా? నా రక్తానికి బావ పేరు పెట్టిండ్రా? బస్సుల గంట సేపు గదే రంది. కాయితం మీది పేరు చూసుడు, వయసు చూసుడు, మళ్ల పేరు చూసుడు. పక్క సీట్ల ఉన్న మనిషి ఏమనుకున్నడో. గంటల ఒక్కసారన్న నేను బావ గురించి ఆలోచించిన్నా? లేదు. ఎంత ఎతికినా లేదు.

బస్సు దిగే కాడ బావ బండి పెట్టుకొని నా కోసం నిలవడ్డడు. నవ్వుతుండు. ఆ మాటలు నేను ఒక్కటి గూడ మర్సిపోలే.

“ఏమొచ్చింది బామ్మర్ది?”

“నాదేం లేదు బావా.”

“నీదెప్పుడున్నది గని, నాది?”

నోరు తెరిసిన. కిడ్నీ అన్న మాట నాలిక మీదికి వచ్చింది. వచ్చి ఆగింది. నోటితోని అంటె అది నిజమైతది, అంటె అది నన్ను గూడ చూస్తది.

“నీది గూడ మంచిగనే ఉన్నది. జర రక్తం తక్కువున్నదట.”

“గంతేనా? మరి కాళ్ల వాపు?”

“నిలవడి నిలవడి అయితదట. నీళ్లు మంచిగ తాగమన్నరు.”

“మీ అక్క ఊకె పరేషాన్ అయితుంది. జర నువ్వే చెప్పు ఆమెకు, నీ మాటైతె నమ్ముతది.”

పోయి అక్కకు చెప్పిన. అక్క నమ్మింది.

రిపోర్టు అడిగితె, నా ఫైలుల ఉన్నది మళ్ల ఇస్త అన్న. ఎవ్వలు మళ్ల అడగలే. నా పదకొండు ఈసీజీల ఎనుక పెట్టిన.

మీరు అడుగుతరు, తెల్లారి చెప్పొచ్చు గద అని. తెల్లారి చెప్దామనే పండుకున్న. తొమ్మిది రోజులున్నయి గద అనుకున్న. తర్వాత ఎనిమిది. ప్రతి పొద్దు బావ ఇంటి దిక్కు నడిసిన, మూల మలిగేదాక పోయి వాపసు వచ్చిన. ఒక్క రోజు దాటినంక చెప్పుడు ఇంకా కష్టమైంది. ఇప్పుడు చెప్తె, నిన్న ఎందుకు అబద్ధమాడినవు అని అడుగుతరు. రోగం పేరు తీసే బుగులుకు గీ బుగులు తోడైంది. నాకు అప్పటికే బుగులు పడుడు తప్ప ఇంకో పని రాదు.

పోయే రోజు అట్టపెట్టె నేనే కట్టిన. అక్క రెండు సీసాల మామిడి తొక్కు పెట్టింది. ఉప్పు బావకు విషమని నాకు తెలుసు. ఎందుకక్కా గంత తొక్కు అంటె, ఆడ కూర ఎవలు వండుతరు తమ్మీ అన్నది. ఇగ నోరు మూసుకొని, నూనె కారకుంట సీసాల మూతలకు నేనే టేపు చుట్టిన. నడుం నొప్పికి బావ వేసుకునే గోలీలు నాలుగు పత్తాలున్నయి బ్యాగుల. ఆ గోలీలు కిడ్నీలను తింటయని గూడ నాకు తెలుసు. అక్క అటు తిరిగినప్పుడు అవి తీసి నా జేబుల పెట్టుకున్న, తర్వాత మోరీల పడేసిన. చూసిండ్రా, చెప్పే ధైర్యం లేదు గని దొంగతనం చేసే ధైర్యం ఉన్నది. గంత చేస్తె నా వంతు అయిపోయినట్టు మనసుకు చెప్పుకున్న. పోయిన వారానికి బావ ఫోన్ చేసిండు. గోలీలు మర్సిపోయినం బామ్మర్ది, ఫికర్ లేదు, ఈడ గూడ దొరికినయి అన్నడు.

ఎప్పుడు ఫోన్ చేసినా నీళ్లు తాగు బావా అంటుంటి. నీళ్లు తాగు, ఎండల తిరగకు. ఆయన నవ్వేటోడు. ఎండల తిరగకుంటె ఇండ్లెట్ల లేస్తయి అనేటోడు.

నాలుగో నెలల ఆయన రూముల ఉండే జగిత్యాల దిక్కు మనిషి ఒకాయన అక్కకు ఫోన్ చేసిండు. బావ పని కాడ వాంతులు చేసుకొని పడిపోయిండని, ఊపిరి ఆడుతలేదని, దవాఖానల ఏసిండ్రని. అక్క చెప్పులు లేకుంట మా ఇంటికి ఉరికొచ్చింది. ఎందుకైందో నాకు అడగాల్సిన పని పడలే.

మూడు వారాలకు పంపిచ్చిండ్రు. విమానం దిగినంక చక్రాల కుర్చీల తీసుకొచ్చిండ్రు. మొకం ఉబ్బి కండ్లు సన్నగైనయి. నన్ను చూసి చెయ్యి ఊపిండు.

కరీంనగర్ల కిడ్నీ డాక్టర్ కాడికి నేనే తీస్కపోయిన. రెండు కిడ్నీలు పోయినయి అన్నడు, డయాలసిస్ మీదనే బతకాలె అన్నడు. ముందు ఎప్పుడన్న పరీక్షలు చేయించిండ్రా అని అడిగిండు. నేను నోరు తెరవకముందే అక్క అందుకున్నది. చేయించినం సారూ, పోకముందే, మా తమ్ముడే తెచ్చిండు, అంత మంచిగున్నదని చెప్పిండ్రు అన్నది. డాక్టర్ నా దిక్కు చూసిండు. నాలుగైదు నెలల్ల ఇంత ఎట్లయితది అన్నడు. అప్పుడే తెలిస్తె మందులతోని కొన్నేండ్లు ఆపుతుంటిమి, ఎండ పనికి అసలే పోనియ్యకపోదుము అన్నడు.

ఆ గదిల నాకు ఇంకో తొవ్వ దొరికింది. తలుపు తెరిసినట్టే తెరిసి ఉన్నది. చెప్పొచ్చు. నేనేం చేసిన్నో ఎరుకనా? చిన్న ల్యాబు సార్, తప్పు ఇచ్చిండ్రు కావచ్చు అన్న. ఆ రిపోర్టు ఏదంటె పోయింది అన్న.

జల్ది చూపియ్యుండ్రి అని ఒక్క మంచి మాట చెప్పిన ఆ ల్యాబామె మీద నేను తప్పు ఏసిన.

అక్క ఆ ల్యాబోళ్లను తిట్టని రోజు లేదు. వాళ్ల చేతులు పడిపోను అంటది. అక్క ఆ మాట అన్నప్పుడల్ల నా చేతులు తిమ్మిరెక్కుతయి. ఇంటికొచ్చి గిలాస పట్టుకొని చూసుకుంట, పట్టు ఉన్నదా, జారుతుందా అని. నా భార్య చూసి, మళ్ల మొదలైందా అంటది. అవునంట.

ఆరేండ్లు కావస్తుంది. సోమారం, బుధారం, శుక్రారం. పొద్దుగాల ఏడు గంటల బస్సుకు బావను తీస్కపోత, నాలుగు గంటలు మిషిని మీద ఉంటడు, తీస్కొని వస్త. పని ఆగుతుందని సాంచెల సేటు రెండుసార్లు నన్ను తీసేసిండు, మళ్ల పెట్టుకున్నడు. మిషిని కాడ బయట కూసునే ఆడోళ్లు నన్ను చూపెట్టి బామ్మర్దంటె ఇట్లుండాలె అంటరు. ఆ మాట ఇనుడు నాకు అలవాటు కాలే. చేసిన తప్పుకు చాకిరి చేస్తున్ననా, తప్పు బయట పడకుంట కావలి కాస్తున్ననా? రెండు ఉన్నయి. ఏది ఎంతో నాకే తెల్వది.

డయాలసిస్ కోసం బావ మోచేతి కాడ నరాలు కలిపి కుట్టిండ్రు. దాని మీద చెయ్యి పెడితె లోపల గుర్రుమని కొట్టుకుంటది. అది ఆగొద్దు, రోజూ చూసుకోవాలె అన్నరు. బావ నా చెయ్యి పట్టుకొని దాని మీద పెట్టుకుంటడు. “చూడు బామ్మర్ది, సాంచె నడిసినట్టే నడుస్తుంది” అంటడు. అది నడుస్తుంటె నాకు బుగులు. ఆగితె ఎట్ల అని ఇంకా బుగులు.

మూడేండ్ల కింద నా భార్య నన్ను సర్కారు దవాఖానల మనసు డాక్టరమ్మ కాడికి తీస్కపోయింది. ఆమె నవ్వలే. నీకున్నది రోగమే, కని గుండెల కాదు అన్నది. చిన్న గోలీ రాసింది. ఊపిరి మెల్లగ తీసుడు నేర్పింది. రోజుకు ఒక్కసారి కంటె ఎక్కువ నాడి పట్టుకోవద్దన్నది. బుగులు పుట్టినప్పుడల్ల నోటుబుక్కుల రాయమన్నది. రాసిన. నిజం చెప్పాలె, శానా తగ్గింది. మధ్యల ఎనిమిది నెలలు ఒక్క పరీక్ష గూడ చేయించుకోలే. నా భార్య సంతోషపడ్డది.

కని ఒంటి బుగులు తగ్గినకొద్ది ఇది పైకి తేలింది. ముందు గుండె ఆగుతదేమో, గడ్డ ఉన్నదేమో అనే రందితోనే పొద్దు గడిసేది. బావ గురించి కుదురుగ ఆలోచించే జాగ లోపల ఉండకపోయేది. ఇప్పుడు జాగ అయింది. ఇప్పుడు వచ్చే బుగులుకు గోలీ లేదు, ఎందుకంటె ఇది ఉట్టి బుగులు కాదు. జరిగింది. డాక్టరమ్మ అడిగింది, ఇంకేమన్న ఉన్నదా అని. లేదన్న. నోటుబుక్కుల గూడ రాయలే.

పోయిన బుధారం ఒక ముచ్చట అయింది. అందుకే గిది రాస్తున్న.

బావ మిషిని మీద ఉన్నడు. నేను పక్కన కూసున్న. ఆయన పైకి చూసుకుంట, కోపం లేకుంట, మామూలుగ మొదలుపెట్టిండు. “గా ల్యాబోళ్లు సరిగ్గ చెప్పి ఉంటె నేను పోకపోదును బామ్మర్ది” అన్నడు. మళ్ల అన్నడు, “ఎవలో ఏమో. వాళ్లు గూడ కావాలని చెయ్యలే కావచ్చు. వాళ్లకు గూడ పిల్లలుంటరు. మీ అక్క ఊకె తిడుతది గని, నేనైతె మాఫ్ చేసిన.”

ఆ మాట నా కోసం కాదు. నా ముందటనే అన్నడు, కని నాకు కాదు. ఏ తప్పు చెయ్యని ఒక ఆడమనిషికి మాఫీ పోయింది, చేసినోడు పక్కకు కూసొని ఇన్నడు. చెయ్యి జాపి అందుకుంటె అదొక దొంగతనం, ఇంకోసారి. అందుకే అందుకోలే. బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. ఊపిరి ఆడలే. నాడి పట్టుకోలే. పట్టుకుంటె ఏం దొరుకుతదో నాకు ఎరుకే, మామూలుగ కొట్టుకుంటుంటది. నాకేం కాలే. నాకు ఎన్నడు ఏం కాలే.

ఏమో, చెప్పినా కిడ్నీలు పోతుండెనేమో. ఆ ఏమో అన్న మాటను పట్టుకొని ఆరేండ్లు ఎల్లదీసిన. ఆ మాటను నా దగ్గరికెల్లి ఎవలన్న గుంజుకుంటె, దాని ఎనుక ఇంకోటి కనవడుతది: తన ఒంటి సంగతి తనకు తెలువాలె అనే ఒక మనిషి హక్కు. దాన్ని నేను ఫైలుల పెట్టుకున్న. పోవాల్నా వద్దా అని బావ అనుకోవాలె. బావకు ఆ మాట అనుకునే వీలే నేను ఇయ్యలే.

గీ రోజు ఇంట్ల ఎవ్వలు లేరు. తలుపు పెట్టి, సాఫ్‌గ ఒక్కసారి నోటితోని అన్న, ఎట్లుంటదో చూద్దమని. నేను రిపోర్టు చదివిన, నాకు సమజైంది, మంచిగుందని బావకు చెప్పిన. నా గొంతు నాకే కొత్తగ ఇనవడ్డది. కిడ్నీ అన్న మాట గూడ అన్న. పక్కింట్ల సాంచె నడుస్తనే ఉన్నది. తర్వాత కూసొని గిదంత రాసిన. మాఫ్ చెయ్యుమని మిమ్ముల అడుగుత లేను. మీరు చెయ్యలేరు, అది మీది కాదు.

బావకు, అక్కకు ఎప్పుడు చెప్తవు అని అడగకుండ్రి. రేపు చెప్త అని మాట ఇయ్యను. రేపు రేపు అనుకుంటనే ఒక మనిషిని గల్ఫ్‌కు సాగనంపిన. రేపు శుక్రారం, ఏడు గంటల బస్సుకు పోవాలె, బావ పక్కనే కూసుంటడు. నోరు తెరుస్తనో లేదో నాకు తెల్వది. బుగులు పోలే. కని ఆరేండ్లల్ల మొదటిసారి అది నా ఒక్కని లోపల లేదు. మీకు చెప్పిన.